రేవు కూలీల చిత్రకారుడు జార్జి బెల్లోస్

ప్రాతఃకాలమున కామారెడ్డి పట్టణపు వీథులలో నడచువారికి కూలీల అడ్డా కనబడకపోదు. పలుగు, పార, తట్ట, సద్దిగిన్నె ముందుంచుకొని కొందఱు స్త్రీపురుషులు త్రోవప్రక్కను నిలిచి, ఏ మేస్త్రి వచ్చి పిలుచునా యని యెదురుచూచుచుందురు. పిలుపు వచ్చినవారు బండి యెక్కి పోవుదురు. రానివారు ఎండ ముదురువఱకు నిలిచి, తెచ్చుకొన్న సద్దిని మరల ఇంటికే తీసికొని పోవుదురు. ఎల్లారెడ్డి మొదలైన ఊళ్లనుండి బస్సులలో వచ్చు విద్యార్థులు దినదినమును అట్టివారిని దాటియే చదువునకు వచ్చుచున్నారు. ఉపాధ్యాయులమగు మేమును అట్లే దాటి వచ్చుచున్నాము. వారి ముఖములను నిలిచి చూచినవారము మనలో నెందఱము?

1912వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున అమెరికాదేశపు న్యూయార్కు నగరమునం దొక చిత్రకారుడు ఇట్టి కూలీల గుంపు నొకదానిని తైలవర్ణములతో వ్రాసెను. ఎనిమిదేండ్ల పిమ్మట ఒక బాలికల కళాశాలవారు చందాలు ప్రోగుచేసి 2,500 డాలర్లకు ఆ పటమును కొనిరి. 2014వ సంవత్సరమున అదే కళాశాల పాలకవర్గమువారు దానిని 2 కోట్ల 55 లక్షల డాలర్లకు అమ్మివేసిరి. కొన్న ధరకు అది యెన్ని రెట్లయినదో గణితమునం దాసక్తిగల బాలబాలికలు లెక్కవేసికొనవచ్చును. మాకు 10,200 రెట్లు వచ్చినది. ఇంతటి ధర పలికిన పటములోని మనుష్యులు ఆనాటి కూలి దొఱకునో దొఱకదో యని నిలిచియున్నవారు. ఈ సంగతియే యీ చరిత్రమును వ్రాయుటకు మమ్ము పురికొల్పినది.

ఆ చిత్రకారుని పేరు జార్జి వెస్లీ బెల్లోస్. పేరులోని నడిమి మాట విన్నంతనే ఆ యింటివారి సంఘమేదో మన ప్రాంతపు క్రైస్తవులకు తెలిసిపోవును. మెదకు ప్రాంతమున పాఠశాలలను, ఆసుపత్రులను నెలకొల్పిన ఇంగ్లాండుదేశపు వెస్లియన్ మిషనువారి వలెనే బెల్లోస్ తలిదండ్రులును మెథడిస్టులు. ఆయన 1882వ సంవత్సరము ఆగస్టు మాసమున ఒహాయో రాష్ట్రమునందలి కొలంబస్ పట్టణమున జన్మించెను. తండ్రి గృహనిర్మాణపు పనులు చేయించు గుత్తేదారు. కుమారుడు పుట్టునప్పటికే ఆయన వయసు మీఱినవాడు. తల్లి దైవభక్తి గలది; తన కుమారుడు పెద్దవాడై మెథడిస్టు సంఘమున బిషప్పు కావలెనని ఆమె కోరిక. కొడుకు బోధకుడు కావలెనని మ్రొక్కుకొను తల్లులు మన సంఘములలోను లేకపోలేదు. ఆ కోరిక ఎంత బరువైనదో అట్టి యిండ్లలో పెరిగినవారికే తెలియును.

బాలునికి మాత్రము రెండే వ్యసనములు: ఒకటి బొమ్మలు వ్రాయుట, రెండవది బేస్‌బాల్ ఆడుట. ఈ రెండవది మన క్రికెట్టునకు దూరపు చుట్టమువంటి ఆట. 1901వ సంవత్సరమున ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున చేరి అచ్చట ఆటగాడుగా పేరుపొందెను. ఆటనే వృత్తిగా పెట్టుకొమ్మని ప్రోత్సహించినవారును కలరు. అచ్చటి విద్యార్థుల వార్షిక సంచికకు బొమ్మలు వ్రాసి యిచ్చినవాడు ఆయనయే. ఇట్టి సంచికలకు గీతలు గీసి యిచ్చు మన పిల్లలు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును. 1904లో తుది పరీక్షలు వ్రాయకయే చదువు మానివేసి, చిత్రకళ నేర్చుకొనుటకు న్యూయార్కు పోయెను. ఉపాధ్యాయులమగు మేము ఈ పనిని మెచ్చుకొనుటకు నోరు రాదు. అయినను జీవితచరిత్రమున దీనిని దాచుట న్యాయము గాదు. బిషప్పు కావలసిన కుమారుడు పట్టము లేకయే రంగులపెట్టె చేతబట్టుకొని పరదేశమువంటి నగరమునకు పోవుచుండగా ఆ తల్లి మనస్సెట్లుండెనో ఊహింపగలము.

న్యూయార్కునందు ఆయనకు లభించిన గురువు రాబర్టు హెన్రీ. ఆ కాలమున అమెరికా చిత్రకారులలో పేరు గలవారు ధనవంతుల ముఖములను, పర్వతములను, గ్రీకు దేవతలను వ్రాయుచు ఐరోపావారిని అనుకరించుచుండిరి. హెన్రీ తన శిష్యులను తరగతి గదినుండి వెలుపలికి తఱిమెను. వీథులను, రేవులను, సారాయికొట్లను, పేదల యిండ్లను చూచి, చూచినదానిని వేగముగ, భయములేక వ్రాయుమని బోధించెను. ఎడ్వర్డు హాపర్ అను మఱియొక ప్రసిద్ధ చిత్రకారుడును ఆ తరగతిలోనివాడే. ఆయనయు 1882లోనే పుట్టినవాడు. ఈ గురుశిష్యుల మార్గమునకు తరువాతి కాలమున విమర్శకులు బూడిదడబ్బా సంప్రదాయమని యెగతాళిగా పేరుపెట్టగా, ఆ పేరే గౌరవనామమై నిలిచినది. నేర్చుకొనుచున్న దినములలో బెల్లోస్ జీతమునకు బేస్‌బాల్ ఆడి కొంత సంపాదించుకొనెను.

ఆనాటి న్యూయార్కు ఎట్టిదో కొంత చెప్పవలెను. ఇటలీ, ఐర్లండు, రష్యా దేశములనుండి పేదలు ఓడలకొలది దిగుచుండిరి. ఇఱుకైన అద్దె మేడలలో గదికొక కుటుంబము కాపురముండెను. ఒకవంక ఆకాశమునంటు భవనములు లేచుచుండగా, ఒకవంక నదీతీరమున శిథిలమైన రేవుబల్లలపై దిక్కులేని పిల్లలు ఆడుకొనుచుండిరి. బెల్లోస్ 1907లో వ్రాసిన నలువది ఇద్దఱు పిల్లల పటము అట్టిదే. విఱిగిన రేవుబల్లపైనుండి నదిలో దుముకువారు, ఈదువారు, ఒడలు ఆరబెట్టుకొనువారు, ఏమియు చేయక పడుకొన్నవారు అందు కలరు. వేసవిలో నిజాంసాగరు కాలువలో మన పిల్లలు దుముకుట చూచినవారికి ఆ పటమును వివరింప నక్కఱలేదు. 1908లో ఫిలడెల్ఫియా నగరపు ప్రదర్శనమున దీనికి బహుమానము రావలసియుండి, బహుమానమునకు ధనమిచ్చిన దాత ఏమనుకొనునో యను జంకుతో నిరాకరింపబడినది. దిగంబరులైన పేద బాలురు చిత్రమునకు తగిన వస్తువని పెద్దలకు తోచలేదు కాబోలు!

ఆ సంవత్సరములలోనే న్యూయార్కున ఒక గొప్ప రైల్వేస్టేషను కట్టుటకై నగరమధ్యమున ఎకరములకొలది నేలను త్రవ్వుచుండిరి. బెల్లోస్ ఆ గోతిని నాలుగు పటములుగా వ్రాసెను. మంచు కప్పిన నేల, నల్లని గొయ్యి, యంత్రముల పొగ, ఆ పొగలో చీమలవలె తిరుగు మనుష్యులు. వీరు తప్ప అందు మఱేమియు లేదు. మన యెల్లారెడ్డి ప్రాంతమున మంజీర నదిపై 1923 మొదలు 1931 వఱకు నిజాంసాగరు ఆనకట్ట కట్టబడినది. నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు పేరు ఇంజనీరుగా చరిత్రలో నిలిచినది. మట్టి మోసినవారి రూపములు నిలువలేదు. న్యూయార్కు గోతిలో పనిచేసినవారికి బెల్లోస్ దొఱకెను. 1910లో తెఱవబడిన ఆ స్టేషను భవనమును 1963 మొదలు పడగొట్టిరి. నేడు ఆ రాతి స్తంభములు లేవు. గొయ్యి త్రవ్వినవారు మాత్రము పటములలో నున్నారు.

ఇక బెల్లోస్ పేరు చెప్పగానే అమెరికనులకు ముందుగా జ్ఞాపకము వచ్చునవి ముష్టియుద్ధపు పటములు. మిషను పాఠశాల సంచికలో వీనిని గూర్చి వ్రాయుటకు మేము కొంచెము వెనుదీసితిమి. కాని ఆ పటములను విడిచిన చరిత్రము సగము చరిత్రమే. ఆయన పనిచేయు గదికి ఎదుట షార్కీ యను మాజీ ముష్టియోధుడు నడపు సారాయికొట్టు ఉండెను. పందెపు ముష్టియుద్ధములను బహిరంగముగ జరుపుట అప్పటి చట్టమునకు విరుద్ధము. కావున చూడవచ్చినవారిని, పోరువారిని ఆ రాత్రికి సంఘసభ్యులుగ చేర్చుకొని, ఇది మా సభ్యుల వినోదమని చట్టమును తప్పించుకొనుచుండిరి. 1909లో బెల్లోస్ వ్రాసిన రెండు పటములు ఈ తావునుండి పుట్టినవే. చీకటిలో వెలుగు పడిన రెండు దేహములు ఒకదానినొకటి ఢీకొనుచుండును. పటము క్రిందిభాగమున ప్రేక్షకుల ముఖములు కానవచ్చును. పోరువారికంటె ఈ ముఖములే భయంకరములు. నోళ్లు తెఱచి నెత్తురుకై అఱచువారు కొందఱు. చుట్ట కాల్చుచు నవ్వువారు కొందఱు. కోడిపందెములవద్ద ఇట్టి ముఖములనే మనమును చూడవచ్చును. బెల్లోస్ ఆ క్రీడను ఖండింపలేదు, పొగడలేదు, చూపినాడు.

రెండవ పటమున పోరువారిలో ఒకడు నల్లజాతివాడు, ఒకడు తెల్లవాడు. పటము పేరు ఈ సంఘమున ఇరువురును సభ్యులే యను అర్థమిచ్చును. పగటివేళ ఏ సంఘమున సభ్యత్వమడిగినను గెంటివేయబడు మనుష్యుడు, నెత్తురు చిందించి ఇతరులకు వినోదము కలిగింపవలసిన యొక్క రాత్రికి మాత్రము సభ్యుడయ్యెను! పనికి పిలుచునప్పుడు మనవాడని, పంక్తికి పిలుచునప్పుడు కాడని యనిపించుకొనిన తాతలు గల మన సంఘములవారికి ఆ పేరులోని ఎత్తిపొడుపు బోధపడుటకు వ్యాఖ్యానము వలదు.

ఇరువదియాఱేండ్ల వయసుననే, అనగా 1909లోనే, ఆయనను జాతీయ చిత్రకళా పరిషత్తువారు ఉపసభ్యునిగా నెన్నుకొనిరి. 1910లో ఎమ్మా స్టోరీ యను ఆమెను వివాహమాడెను. వారికి ఇద్దఱు కుమార్తెలు కలిగిరి. ఆయన తరగతులలో బోధించుచు, పత్రికలకు బొమ్మలు వ్రాయుచు సంసారమును నడపెను. భార్యను, బిడ్డలను ఆయన అనేక పర్యాయములు వ్రాసెను. ముష్టియుద్ధపు పటములను మాత్రమే చూచినవారు ఆ శాంతమైన ముఖములను చూచినచో ఒకే చేతి పనియని నమ్మరు.

1913లో వ్రాసిన కొండగుహవాసుల పటము పేదల అద్దె మేడలను గూర్చినది. ఎండకాలమున గదులలో ఊపిరాడక జనమంతయు మెట్లమీదికి, వీథిలోనికి, వరండాలలోనికి వచ్చిపడిరి. ఈ మేడనుండి ఆ మేడకు కట్టిన త్రాళ్లపై బట్టలు ఆఱుచున్నవి. ఒక తల్లి బిడ్డను కోపించుచున్నది. ట్రాము బండి జనములో దూరి వచ్చుచున్నది. వీరిలో జాలిగొలుపు భంగిమ పెట్టినవారు ఒక్కరును లేరు. ఎవరి పనిలో వారున్నారు. బొంబాయికి, హైదరాబాదునకు, గల్ఫుదేశములకు పోయి ఒక గదిలో పదిమంది పడుకొని మన ఊళ్లకు డబ్బు పంపువారిని మేమెఱుగుదుము. ఆ గదులకును ఒక చిత్రకారుడు కావలసియున్నది.

రేవు కూలీల పటము దీనికి ఒక యేడు ముందు పుట్టినది. దాని కొలత సుమారు నాలుగడుగుల ఎత్తు, అయిదడుగులపై వెడల్పు. తావు బ్రూక్లిన్ రేవు. కాలము మంచు కరగని ఉదయము. కుడివైపున ఒక గొప్ప ఓడ నిటారుగ లేచి గోడవలె నిలిచియున్నది. నదికి ఆవలియొడ్డున న్యూయార్కు నగరపు ఎత్తైన మేడలు బూడిదరంగున కానవచ్చుచున్నవి. ముందుభాగమున బరువులులాగు గుఱ్ఱములు, వాని చెంత దళమైన కోటులు తొడిగిన కూలీలు. వారిలో పలువురు ఎడమవైపునకు చూచుచున్నారు. అటు ఏమున్నదో పటములో లేదు. పని కలదని పిలుచు మేస్త్రి యుండవచ్చును. నేటికి పని లేదు, పొండని చెప్పువాడు కావచ్చును. ఆ మేడలను కట్టినవారు, ఆ ఓడను నింపువారు వీరే. వీరికి మాత్రము ఆ మేడలలోను ఓడలోను తావు లేదు. చిత్రకారుడు ఈ మాటను ఎక్కడను వ్రాయలేదు. మేడలను దూరమున, మనుష్యులను దగ్గఱ నిలిపెను, అంతియే.

ఆయన వ్రాసినదంతయు గొప్పదే యని చెప్పుట మా యుద్దేశము గాదు. 1915లో ఒక పత్రికపక్షమున ఫిలడెల్ఫియాకు పోయి, బిల్లీ సండే యను సువార్తికుని కూటములను చూచి బొమ్మలు వ్రాసెను. ఆ బోధకుడు పూర్వాశ్రమమున బేస్‌బాల్ ఆటగాడు. ఒక ఆటగాడు వేదిక యెక్కెను. బోధకుడు కావలసిన మఱియొక ఆటగాడు వేదిక క్రింద పెన్సిలు పట్టుకొని కూర్చుండెను! వేదికపై వంగి చేయి చాచి గర్జించు బోధకుని, మూర్ఛపోవు జనమును బెల్లోస్ ఎత్తిపొడుపుతోనే వ్రాసెను. ఉజ్జీవ కూటములలో మేలు పొందినవారిని మేమెఱుగుదుము గావున ఈ బొమ్మలు మాకు ఏకపక్షముగ తోచును. అయినను కేకను ఉపదేశమనుకొను కూటములును కలవని మేము కాదనము.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1918లో, బెల్జియము దేశమున జర్మను సైనికులు చేసిన ఘోరములను పటములుగ వ్రాసెను. యుద్ధభూమిని ఆయన చూచినవాడు కాడు. బ్రిటిషు ప్రభుత్వము ప్రకటించిన నివేదికలను చదివి వ్రాసెను. ఆ నివేదికలలో అతిశయోక్తులు చేరినవని తరువాత తేలినది. కన్నులతో చూచినదానిని వ్రాయుటయే తన గురుమార్గమై యుండగా, చదివినదానిని నమ్మి వ్రాసిన ఈ పటములలో ఆయన బలము కానరాదు. కేకలు హెచ్చు, మనుష్యులు తక్కువ.

1925వ సంవత్సరము ప్రారంభమున ఆయనకు కడుపునొప్పి వచ్చెను. అంతకుముందే యుండిన బాధను ఆయన లక్ష్యపెట్టలేదు. ఆంత్రపుచ్ఛము పగిలి విషము కడుపంతయు వ్యాపించి, జనవరి 8వ తేదీన న్యూయార్కునందు మరణించెను. అప్పటికి ఆయనకు నలువది రెండేండ్లు. అంతకు రెండు వారములకు ముందు, 1924 డిసెంబరు 25వ తేదీన, మన మెదకునందలి గొప్ప దేవాలయము ప్రతిష్ఠింపబడినది. కఱవుకాలమున కూలి దొఱకనివారికి అన్నము పెట్టుటకై ఆరంభింపబడిన పని యది.

ఆ శీతకాలమే మన తెలుగు చిత్రకళకును నష్టము తెచ్చినది. బెల్లోస్ మరణించిన ఇరువది తొమ్మిది దినములకు, ఫిబ్రవరి 6వ తేదీన, రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు మశూచికముచే మరణించెను. ఆయనకు ఇరువది యెనిమిదేండ్లైన నిండలేదు. ఆయన చేతిలోని విద్యను మొదట గుర్తించినవాడు అచ్చటి ప్రభుత్వ కళాశాల ప్రధానాచార్యుడు కూల్డ్రే దొర. బొంబాయి చిత్రకళాశాలకు పంపినవాడును ఆయనయే. రామారావు పటములు చెల్లాచెదరు కాకుండ మిత్రులును శిష్యులును కాపాడిరి. రాజమహేంద్రవరమున ఆయన పేర నొక చిత్రశాల వెలసినది. వేలమునకు పోకయే ఒక చిత్రకారుని పని ఒక ఊరిలో ఒక చోట నిలుచుట సాధ్యమేయని చూపుటకే ఈ మాట చెప్పితిమి. ఇక బెల్లోస్ పటములకు కలిగిన గతి చూడుడు.

ఆయన మరణించిన సంవత్సరముననే న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ వస్తుప్రదర్శనశాలవారు ఆయన పటములను స్మారకముగ ప్రదర్శించిరి. కాలక్రమమున అమెరికా పటములకు ధర పెరిగినది. 1999 డిసెంబరు మాసమున సోదబీ వేలమున ఆయన 1910లో వ్రాసిన పోలో పటమొకటి 2 కోట్ల 75 లక్షల డాలర్లకు పోయినది. అమెరికా చిత్రకారుని పటమునకు అప్పటివఱకు వేలమున వచ్చిన ధరలలో అదియే మిక్కిలి హెచ్చు. అది ధనవంతులు గుఱ్ఱములపై ఆడుకొను ఆటను గూర్చిన పటము. ఆయన ధనవంతుల ఆటను కొలదిగ వ్రాసెను, పేదల బ్రతుకును విస్తారముగ వ్రాసెను.

వేలమనిన మన కామారెడ్డివారికి క్రొత్త గాదు. బెల్లమునకు పేరొందిన ఊరు మనది. సరకు కుప్పపోసి ఉండగా వర్తకులు ఒకరిపై నొకరు ధర పెంచుట ఏ మార్కెట్టున నైనను చూడవచ్చును. పటముల వేలమును ఇట్టిదే. ముందుగ ఒక పట్టీ అచ్చువేసి ఏ పటము ఎంత పలుకునో అంచనా ప్రకటింతురు. కొనువారు అంకెలు గల పలకలను ఎత్తుదురు. దాపుననున్న సుత్తి పడినతోడనే బేరము తీఱును. ఆపై వేలశాలవారి రుసుము కొన్నవాడు కట్టుకొనవలెను. భేదమొక్కటే. బెల్లము మరుసటి యేడు మరల వండవచ్చును; చనిపోయిన చిత్రకారుడు మరల కుంచె పట్టడు. అందుచే పటము ధర దాని మేలునుబట్టి కొంతయు, ఇక దొఱకదను భయమునుబట్టి కొంతయు పెరుగును.

ఇక రేవు కూలీల పటము సంగతి. వర్జీనియా రాష్ట్రమునందలి లించ్‌బర్గ్ పట్టణమున 1891లో స్థాపింపబడిన రాండాల్ఫ్ మేకన్ స్త్రీల కళాశాల మెథడిస్టు సంఘమునకు చేరినది. చీనాదేశపు మిషనరీ కుమార్తెయై 1938లో నోబెల్ బహుమానమందిన పెర్ల్ బక్ అచ్చటనే చదివి 1914లో పట్టము పుచ్చుకొనెను. అచ్చట లూయీ జోర్డన్ స్మిత్ అను చిత్రకళోపాధ్యాయిని యుండెను. గొప్ప నగరములకు పోయి పటములు చూడజాలని బాలికల యెదుటికే పటములను తేవలెనని ఆమె 1911 మొదలు ఏటేట కళాశాలలో ప్రదర్శనములు జరిపెను. 1920లో విద్యార్థినులును ఊరివారును చందాలు వేసికొని బెల్లోస్ పటమును కొనిరి. కళాశాల చిత్రసంపదలో మొదటి గొప్ప పటము అదియే. సుఖముగ పెరిగిన బాలికలు పూలబుట్టను గాని ఉద్యానవనమును గాని కోరక, చలిలో నిలిచిన కూలీలను కొని తమ గోడకు తగిలించుకొనిరి. ఆ ఉపాధ్యాయిని పేరు బెల్లోస్ చరిత్రమున ఎక్కువగ కానరాదు. మా దృష్టిలో ఆమెయు ఇందలి ముఖ్యపాత్రలలో నొకతె.

ఎనుబదియేడేండ్లు ఆ పటము అచ్చటనే యుండెను. 2007లో కళాశాల పురుషులను గూడ చేర్చుకొని పేరు మార్చుకొనెను. మూలధనము కరగిపోవుచున్నదని పాలకవర్గమువారు నాలుగు పటములను అమ్మ నిశ్చయించిరి. అక్టోబరు 1వ తేదీన ముందుగ ఎవరికిని చెప్పకయే, పోలీసుల కాపుదలతో పటములను గోడలనుండి దింపి క్రిస్టీ వేలశాలకు పంపివేసిరి. పూర్వవిద్యార్థినులు, విద్యార్థులు న్యాయస్థానమునకు పోయి ఆ యేటి వేలమును ఆపించిరి. ఆ వ్యాజ్యెము ఎక్కువకాలము నిలువలేదు. మఱుసటి సంవత్సరమున ఒక పటము వేలమున పోయినది. రేవు కూలీల పటము మాత్రము వేలమునకు పోక, 2014 ఫిబ్రవరిలో లండను నగరపు నేషనల్ గ్యాలరీకి నేరుగ విక్రయింపబడినది. వస్తుప్రదర్శనశాలల సంఘమువారు కళాశాల ప్రదర్శనశాలపై ఆంక్ష విధించిరి. పటములనమ్మి నిత్యవ్యయములు జరుపుకొనరాదని వారి నియమము.

ఈ విషయమున మా యభిప్రాయము చెప్పకుండుట పిఱికితనమగును. మిషను పాఠశాలలలో పనిచేయువారికి కారుచున్న కప్పులు, ఆలస్యమగు జీతములు తెలియనివి కావు. గోడపైనున్న పటము కోట్లు చేయుచుండగా తరగతులు మూతపడుచున్నచో పాలకవర్గమువారికి నిద్ర ఎట్లు పట్టును? వారిని లోభులనుట తేలిక. అయినను ఆ పటమును వారు సంపాదింపలేదు. తమ ఖర్చులు తగ్గించుకొని చందా లిచ్చినవారు తమ తరువాత వచ్చు బాలికలకై దానిని ఉంచిపోయిరి. అట్టిదానిని అమ్మవలసియే వచ్చినను వారి వారసులను సమకూర్చి, లెక్కలు ముందుంచి, అడిగి అమ్మవలెను. అడుగక దింపుట తప్పు. పాఠశాలకు దానముగ వచ్చిన తోటనైనను, గంటనైనను, పుస్తకములనైనను గూర్చి మేము ఇట్లే తలంతుము.

కళాశాలకు అయిన నష్టము లోకమునకు లాభమైనదని వాదించువారు కలరు. లండను చిత్రశాల కొన్న గొప్ప అమెరికా పటములలో ఇదియే మొదటిది. ఐరోపా మహాచిత్రకారుల పటములకు నెలవైన ఆ చిత్రశాలలో ఈ కూలీలకు తావు దొఱకినది. ఆ శాల చూచుటకు రుసుము లేదు. కూలివాడైనను లోనికి పోయి చూడవచ్చును. ఈ వాదమును మేము పూర్తిగ త్రోసివేయజాలము. లించ్‌బర్గ్ కళాశాల గోడపై ఖాళీ యయిన తావును మాత్రము ఈ వాదము నింపదు.

లండనునకు పోవు భాగ్యము మనలో ననేకులకు లేదు. కాని ఆ చిత్రశాలవారు పటముల ప్రతిబింబములను అంతర్జాలమున ఉంచినారు. రేవు కూలీలను చూడగోరు విద్యార్థులు శనివారము సాయంకాలము డ్రాయింగు తరగతి ముగిసిన పిమ్మట మా యొద్దకు వచ్చినచో చూపుదుము. వచ్చునప్పుడు ఒక కాగితమును, పెన్సిలును తెచ్చుకొనవలెను. ఆ ఉదయము తాము అడ్డావద్ద చూచినవారిలో ఒకరి ముఖమునైనను వ్రాసికొని వచ్చినవారికి ముందుగ చూపుదుము.